గడ్డకు దినాలు

చిలమత్తూరు,
12 జూన్ 2022

మేనకోడలు సునందకు మీ మామ వెంకటేశులు రాసేది ఏమంటే,

ఈడ మేమందరం బతికే ఉన్నాము. చచ్చింది వాన ఒక్కటే.

ఫోన్ చేయకుండా జాబు ఎందుకంటావా? నా చెవుల సంగతి నీకు తెలిసిందే. పోయినసారి నువ్వు ఫోన్లో ‘కణం’ అంటే నాకు ‘రణం’ అని వినపడింది. నువ్వు ఎవరితోనో కొట్లాటలో ఉన్నావని మీ అత్తకు చెప్పినాను. ఆమె లేపాక్షి వీరభద్రునికి టెంకాయలు మొక్కుకునింది. కాగితం మీదైతే నువ్వు గొణగలేవు, నేను తప్పు వినలేను.

అసలు సంగతికి వస్తాను. శనివారం పేపర్లో నీ ఫోటో పడింది. ‘నోటి క్యాన్సర్ గుట్టు విప్పిన అనంతపురం మహిళ’ అని పైన పెద్దక్షరాలు. ఏదో గాజు గొట్టం పైకెత్తి, మీ అమ్మ మజ్జిగలో ఉప్పు చూసేటప్పుడు పెట్టే మొహం పెట్టినావు. అయినా ఫరవాలేదు, గుర్తుపట్టినారు.

మన ఊరి ఆడబిడ్డ క్యాన్సర్‌కు మందు కనుక్కుంటే మాజీ సర్పంచిని నేను చేతులు ముడుచుకొని కూర్చుంటే, ఓబిలేషు కూర్చుంటాడా? పోయిన ఎలక్షన్లో నన్ను ఓడించినోడు వాడు. ఫ్లెక్సీలో గుడక వాని చేతిలో ఓడిపోతే నా మొహం యాడ పెట్టుకోవాల? అందుకని వానికంటే ముందే బస్టాండు కాడ కట్టించినాను. ‘క్యాన్సర్‌కు మందు కనుగొన్న మన ఆడబిడ్డ డాక్టర్ సునందకు ఘన స్వాగతం.’ నా ఫోటో నీ ఫోటో కంటే కొంచెం పెద్దగా పడింది. అది ఫ్లెక్సీవాని తప్పు.

ఆగస్టు పదిహేనున సన్మానం. వచ్చేటప్పుడు మందు నాలుగైదు సీసాలు తీసుకురా, ఊర్లో అడుగుతాండారు. మీ అత్త నీకు ఊరిబిండి నూరి పెడతానంటాంది. నాకైతే ఈ మధ్య అది నోట్లో పెట్టుకుంటే భగ్గుమంటాంది. ఈ ఏడు మిరపకాయలు రాక్షసజాతివి.

మీ మామ,
వెంకటేశులు (మాజీ సర్పంచి)


బెంగళూరు,
20 జూన్ 2022

మామకు,

ఆ ఫ్లెక్సీ వెంటనే దించు. ఇది నా మొదటి మాట, చివరి మాట. మధ్యలో రాసేది కూడా అదే.

నేను మందు కనుక్కోలేదు. ఆ విలేకరితో గంటసేపు మాట్లాడి, ‘ఇది మందు కాదండీ’ అని ప్రతి వాక్యం చివరా అన్నాను. ఆయన ఆ చివరలన్నీ కత్తిరించేశాడు.

నేను చేసేది ఏమిటో చెబుతాను, ఈసారైనా విను. మన ఒంట్లో ప్రతి కణానికీ ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు ఆగాలో తెలుసు. ఆపేందుకు లోపల బ్రేకుల్లాంటి ప్రోటీన్లుంటాయి. పొగాకు నమిలేవాళ్ల బుగ్గలో ఏళ్ల తరబడి దెబ్బలు తగిలి తగిలి, ఆ బ్రేకులు ఒక్కొక్కటీ పాడవుతాయి. అప్పుడు కణం ఆగదు. నేను తొమ్మిదేళ్లుగా అందులో ఒకే ఒక్క బ్రేకు వెనక పడ్డాను. హిందూపురం కాలేజీలో చదివి, హైదరాబాదులో పీహెచ్‌డీ చేసి, ఈ ఊరొచ్చి సొంత ల్యాబు పెట్టుకుని ఇన్నాళ్లకు నాకు తెలిసింది ఒక్కటే: ఆ బ్రేకును ఏది విరగ్గొడుతోందో కొద్దిగా అర్థమైంది. అంతే. దాన్ని బాగుచేయడం వేరే సంగతి. నా తర్వాత వచ్చేవాళ్లు చేస్తారేమో.

మా ల్యాబులో సీసాలున్నాయి, నిజమే. వాటిలో ఉండేది క్యాన్సరే. మందు కాదు. కావాలంటే అవి తెస్తాను, సన్మానసభలో పంచు.

ఇంకో సంగతి. పుట్టిన దగ్గర్నుంచి పచ్చిమిరపకాయ కొరుక్కుని సంగటి తినేవాడివి. నీకు ఊరిబిండి మంటేమిటి? ఎన్నాళ్ల నుంచి? బుగ్గ లోపల తెల్లటి మచ్చగానీ పుండుగానీ ఉందేమో అద్దంలో చూసుకుని రాయి. నవ్వులాటకు అడగడం లేదు.

అత్తను అడిగానని చెప్పు.

సునంద


చిలమత్తూరు,
3 జూలై 2022

కోడలికి,

నీ మాట మీద గౌరవంతో ఫ్లెక్సీ మీద ‘మందు’ అనే ముక్క కనపడకుండా తెల్లకాగితం అంటించినాను. మొత్తం దించితే ఓబిలేషు ముందర నా పరువేమి కావాల?

అయితే ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఇప్పుడది ‘క్యాన్సర్‌కు ... కనుగొన్న మన ఆడబిడ్డ’ అని ఉంది. ఓబిలేషు బస్టాండు కాడ నిలబడి, దాన్ని క్యాన్సర్ కనుక్కున్నది నువ్వేనని చదివి వినిపిస్తాండాడు.

“ఏమప్పా వెంకటేశులూ, క్యాన్సర్ కనుక్కునింది మీ కోడలేనంట కదా! అదే చూస్తాండా, మా తాతల కాలంలో ఈ రోగం యాడుండింది? ఈ యమ్మి కనుక్కున్నంక కదా ఊర్లోకి వచ్చింది!”

నల్లప్ప పెండ్లాము నమ్మేసింది. “ఏం ఖర్మ పట్టింది ఆ పాపకు, సదువుకొని ఇట్లాంటిది కనుక్కునింది” అని మీ అత్త కాడికొచ్చి బాధపడింది.

నువ్వు రాసిన బ్రేకుల సంగతి మాత్రం బాగా అర్థమైంది. మన ఆర్టీసీ బస్సుకు గుడక లేపాక్షి మలుపు కాడ పట్టవు. డ్రైవరు వీరభద్రుని మీద భారం వేసి తిప్పుతాడు.

నా నోటి గురించి రంధి పెట్టుకోవద్దు. ఒక పన్ను వంకరగా పెరిగి బుగ్గకు గుచ్చుకుంటాంది. అద్దంలో చూసుకున్నా. మీసం తెల్లబడింది, అంతకంటే విశేషం లేదు. సన్మానానికి పొట్టేలును తెచ్చి కట్టేసినాము. నీకంటే దానికే ఎక్కువ తొందర ఉన్నట్టుంది, పగ్గం తెంపుకుంటాంది.

మామ


బెంగళూరు,
2 ఆగస్టు 2022

మామా,

సన్మానం ఆపేయి. ఈసారి అణకువతో అనడం లేదు. సన్మానించడానికి ఏమీ మిగల్లేదు.

నేను ఇన్నేళ్లు పని చేసిన కణాలు బుగ్గ క్యాన్సర్‌వి కావట. పీహెచ్‌డీ అయిన కొత్తలో వేరే ల్యాబు నుంచి తెచ్చుకున్నాను. సీసా మీద బుగ్గ అనే రాసి ఉంది. పోయిన నెల ఇంకో పని కోసం వాటి డీఎన్ఏ పోల్చి చూశాం. అవి గర్భసంచి ముఖం దగ్గర వచ్చే క్యాన్సర్ కణాలు. ఎప్పుడో, నాకంటే ముందే, ఎక్కడో ఎవరి చేతి నుంచో అవి బుగ్గ కణాల సీసాలోకి దూరాయి. వేగంగా పెరిగే జాతి. అసలువాటిని అణగదొక్కేసి పేరు మాత్రం ఉంచుకున్నాయి. మీ రాజకీయాల్లో ఇది మామూలే కదా.

మళ్లీ చేయించాను. మళ్లీ అదే వచ్చింది. ఇంకోచోటికి పంపాను, అక్కడా అదే.

పేపర్లో పడ్డ నా గొప్ప పరిశోధన ఆ కణాల మీద చేసిందే. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని అది అచ్చయిన సైన్సు పత్రికకు రాసేశాను. కొందరు కాస్త ఆగి చూడమన్నారు. ఆగితే అవి బుగ్గ కణాలుగా మారతాయా?

ఇప్పుడు నీ సంగతి. పన్ను గుచ్చుకుందన్నావు. అది ఎవరు చూసి చెప్పారు? నువ్వేనా? నువ్వు సర్పంచివి, దంతవైద్యుడివి కావు. ఇక్కడ క్యాన్సర్ ఆసుపత్రిలో నాకు తెలిసిన సర్జన్ ఉన్నారు. బయలుదేరి రా.

సునంద


చిలమత్తూరు,
9 ఆగస్టు 2022

కోడలికి,

జాబు చదివి నా రక్తం ఉడికిపోయింది. కల్తీ విత్తనం అంటగట్టిన ఆ నాకొడుకు ఎవడు? పేరు, ఊరు రాయి చాలు. మాకు ఒకసారి వేరుశనగ విత్తనాలని చెప్పి పుచ్చిన కాయలు పోసినోని అంగడికి ఊరంతా పోయి తాళం వేసినాము. ఈ సంగతి ఓబిలేషుకు చెప్పినా. వాడు నాకు శత్రువే గానీ ఊరికి కాదు. “మన ఊరి యమ్మిని మోసం చేస్తాడా? పదన్నా, జీపు నేను తెస్తా, బెంగళూరు ఎంత దూరం!” అంటాండాడు. నువ్వు ఊ అను.

నువ్వు తప్పు చేయకుండానే తప్పయిందని నువ్వే రాసిచ్చినావంటే మాత్రం నాకు మతిపోయింది. మా రాజకీయాల్లో అట్లా రాసిచ్చినోడు ఇంతవరకూ పుట్టలేదు. ఎవరూ అడగకముందే ఎందుకు చెప్పినావు? కొంచెం తెలివి ఉండాల.

పన్ను పీకించేసినా. హిందూపురంలో ఒకాయన పీకినాడు. కాబట్టి ఇక ఆ మాట ఎత్తద్దు. గుంత ఇంకా మానలేదంతే.

మామ

(కింద వేరే చేతిరాత)

సునందా, నేను మీ అత్తను. ఈయన జాబు అంటించమని ఇచ్చి చేను కాడికి పోయినాడు. అన్నీ అబద్ధాలు. పుండు పన్నుకంటే ముందే ఉండాది. ఉగాది కాడి నుంచీ చూస్తాండా. దిండు మీద నెత్తురు మరకలు పడతాండాయి. మజ్జిగ తప్ప ఏమీ దిగదు. నోరు పూర్తిగా తెరవలేడు, అయినా దాంట్లోకే వక్కాకు పొగాకు దూర్చుకుంటాడు. అడిగితే కసురుతాడు. భయమే ఆయనకు. ఏం చేయమంటావో చెప్పు, నేను చేస్తా. పొట్టేలును మాదిరి కట్టేసి తెమ్మన్నా తెస్తా.

వెంకటలక్ష్మమ్మ


బెంగళూరు,
13 ఆగస్టు 2022

అత్తా,

కట్టేసి తీసుకురా. జీపు ఉందన్నాడు కదా, ఓబిలేషన్ననే తీసుకురమ్మను. ఇరవయ్యో తేదీ ఉదయం ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను.

ఆ పుండు గురించి నేను జూన్‌లోనే అడిగాను. అడిగి, నా కణాల గొడవలో పడ్డాను. తిట్టాలంటే నన్నూ తిట్టు, కానీ వచ్చాక.

సునంద


చిలమత్తూరు,
18 డిసెంబర్ 2022

కోడలికి,

నువ్వు వారం వారం వచ్చి చూసిపోయినా జాబు రాస్తానే ఉన్నా. ఎందుకంటే ఇప్పుడు నేను మాట్లాడితే మీ అత్తకే అర్థం కావడం లేదు. నా చెవి ముందే పోయింది, ఇప్పుడు నోరు పోయింది. మాజీ సర్పంచికి మిగిలింది చేయి ఒక్కటే.

కుడిబుగ్గ తీసేసి, రొమ్ము మీది కండ తెచ్చి ఆడ కుట్టినారు కదా. డ్యూటీ డాక్టరు చెప్పినాడు, అక్కడి తోలుకు వెంట్రుకలు ఉంటాయంట, లోపల మొలిచినా మొలవచ్చంట. ఓబిలేషు అది విని, “జిల్లాలో లోపల గుడక మీసముండే లీడరువి నువ్వొక్కనివే అన్నా” అన్నాడు. నవ్వితే కుట్లు లాగుతాయని తెలిసీ నవ్వించినాడు, లంజకొడుకు. ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని ఏడ్చింది గుడక వాడే. తన పొగాకు పొట్లం అక్కడే పారేసినాడు. నీ డాక్టరమ్మ వాని నోరు తెరిపించి చూసింది. వానికి మచ్చ మాత్రమే ఉండాదంట, ఆరు నెలలకోసారి చూపించుకోమనింది.

రేడియేషనని కరెంటు పెట్టే గదిలో మాకు ఒక గుంపు తయారైంది. రాప్తాడు బాలప్ప దానికి పెద్ద. నాలుక సగం తీసేసినా వాడే ఎక్కువ మాట్లాడేవాడు. నాకు వినపడదు, వానికి పలకదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఆపరేషన్‌కు ముందు నర్సమ్మ ఒక కాగితం తెచ్చి, “కోసిన గడ్డలో ముక్క పరిశోధనకు ఇస్తారా?” అని అడిగింది. ఎవరికి పోతాదంటే నీ ల్యాబు పేరే చెప్పింది. సంతకం పెట్టినాను. బాలప్పదీ అప్పుడు నా వార్డే, వానికింకా కోయలేదు; వానితోనూ పెట్టించినాను, పక్క మంచాలోళ్లతోనూ పెట్టించినాను. ఓట్లు అడిగిన అలవాటు ఊరికే పోతుందా? ఈసారి నీ సీసాల్లో కల్తీ లేదు. అన్నీ గ్యారంటీ బుగ్గలు, నాలుకలు. నా ముక్కకు నా పేరు పెట్టి, ఎంత పెరిగిందో ఎప్పటికప్పుడు రాయి. మిగతావాటి కంటే ఎక్కువే పెరిగి ఉంటుంది.

మామ


బెంగళూరు,
5 ఫిబ్రవరి 2023

మామా,

నీ ముక్కకు నీ పేరు పెట్టడం కుదరదు. పేర్లన్నీ ఆసుపత్రిలోనే ఉంచేసి మాకు నంబర్లు మాత్రమే పంపుతారు. ఏది ఎవరిదో నాకు తెలియదు, తెలియకూడదు. అది రూలు. మాజీ సర్పంచులకు మినహాయింపు లేదు.

ఇక అవి పెరగడం సంగతి. మనిషి ఒంట్లో అంత మొండిగా పెరిగే గడ్డ, బయటికి తీసి గిన్నెలో వేస్తే పసిబిడ్డకంటే సుకుమారం. దానికి తిండి, వెచ్చదనం, తోడు అన్నీ కావాలి. మేము అన్నీ పెట్టాం. నేనూ నా విద్యార్థి ప్రశాంతీ వంతులేసుకుని కాపలా కాశాం. అయినా మీ ఆపరేషన్ల రోజుల్లో వచ్చిన ముక్కల్లో ఒక్కటీ బతకలేదు. నీది కూడా అందులోనే ఉండాలి.

గిన్నెలో చచ్చాయంటే ఒంట్లో చచ్చాయని అర్థం కాదు. నువ్వు సంబరపడి చెకప్ మానేస్తావని ముందే చెబుతున్నాను.

నా పరిశోధన వెనక్కి తీసుకున్నట్టు పత్రికలో వచ్చింది. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. కోపం కాదు, ఏం మాట్లాడాలో తెలియక. చావు జరిగిన ఇంటికి వెళ్లినట్టు వచ్చి, “ధైర్యం చేశారు మేడమ్” అని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతారు. రావాల్సిన గ్రాంటు ఆగింది. డైరెక్టరుగారు పిలిచి, ల్యాబు మూసేసి పరిపాలన వైపు వచ్చేయమన్నారు. పెద్ద గది, కారు. మార్చి చివరికల్లా చెప్పాలి. నాకు నలభై ఆరు, మామా. మొదటి నుంచి మొదలుపెట్టే వయసేనా ఇది? ఒప్పుకుందామనే అనుకుంటున్నాను.

సునంద


చిలమత్తూరు,
4 మార్చి 2023

కోడలికి,

నీ జాబు చదివి మీ అత్త ఏడ్చింది. నేను మాత్రం ఎగిరి గంతేసినా. నీకు నష్టమే, కాదనను. కానీ నా బుగ్గను తిన్నది నాకంటే ముందు చచ్చిందని ఇంత స్పష్టంగా ఎవరు రాసిస్తారు? చెకప్ వేరే, ఇది వేరే అని నాకు తెలుసులే. నువ్వు అరవద్దు.

దానికి దినాలు పెట్టినాను. నిజంగానే. పూజారి రానన్నాడు. “గోత్రం ఏమని చెప్పాలప్పా గడ్డకు?” అంటాడు. “నా ఒంట్లో పుట్టింది కదా, నా గోత్రమే” అన్నా. దండం పెట్టి పారిపోయినాడు. మంత్రాలు లేకుండానే కానిచ్చినాము. వడలు, పాయసం, ఓళిగలు. సన్మానం పొట్టేలు ఇన్నాళ్లూ తిని బలిసింది, దాన్నీ వదల్లేదు. ఓబిలేషు వడ్డన. కరెంటు గది గుంపునంతా పిలిపించినాను, వాళ్ల గడ్డలూ పోయినాయి కదా. ఒకనికి దవడ లేదు, ఒకనికి మెడలో గొట్టం. అందరమూ పాయసమే తాగినాము. వడలూ మాంసమూ ఊరోళ్లు తిన్నారు. నల్లప్ప పెండ్లాము వచ్చి, “ఎవరు పోయినారు?” అని ఏడ్పు మొదలుపెట్టింది. ఆపేసరికి తాతలు దిగొచ్చినారు.

బాలప్ప రాలేదు. ఆయన పెండ్లాము అంజనమ్మ వచ్చింది. సంక్రాంతి ముందర మెడలో మళ్లీ లేచిందంట. నెల కాకముందే మనిషి పోయినాడంట. నాకు కబురు లేదు. నేను ఇంత కూత పెట్టి, నవ్వి, విస్తరి ముందర కూర్చున్నంక ఆ మాట తెలిసింది. ఎట్లుంటుందో చూడు.

క్షమించమ్మా, తెలీదు అన్నాను. నా మాట ఆమెకు అర్థమయినట్టు లేదు. ఆమే అడిగింది.

“అన్నా, మా ఆయన ముక్క గుడక మీ కోడలి కాడ ఉండిందా?”

ఉండిందని తలూపినా.

“అదీ సచ్చిపోయిందా?”

మళ్లీ ఊపినా. సంతోషిస్తాదనుకున్నా. ఆమె అనింది, “అయ్యో, అదన్నా బతికింటే బాగుండునే. మనిషిని ఎట్లా తినేసిందో మీ యమ్మి చూసిండును గదా. ఊరికే పాయె.”

సునందా, నేను మూడుసార్లు సర్పంచిగా నిలబడినోణ్ణి. ఎవరే మాట అన్నా బదులు చెప్పినోణ్ణి. విస్తరి మడిచేసినా. ఓబిలేషు చేతిలో గరిటె అట్లే ఉండిపోయింది. మొగుణ్ణి చంపినదాన్ని బతికించింటే బాగుండునని ఒక ఆడమనిషి అంటాంది, ఈడ నేను దానికి దినాలు పెట్టి పాయసం తాగుతాండా.

నువ్వు కారెక్కుతావో గది తీసుకుంటావో నీ ఇష్టం. నేను చదువుకున్నోణ్ణి కాను. కానీ ఆ యమ్మకు నువ్వు వచ్చి చెప్పు, ల్యాబు మూసేసినానని. నాతో కాదు. నాకు నోరు లేదు.

మూయకపోతే మాత్రం వాటిని సరిగ్గా సాకు. ఈసారి చావనియ్యద్దు.

మీ మామ,
వెంకటేశులు


బెంగళూరు,
21 నవంబర్ 2023

మామా,

ఇంతకాలం జాబు రాయనందుకు అత్త నన్ను తిట్టిందని ప్రశాంతి చెప్పింది. ఆసుపత్రిలో కనబడినప్పుడు నన్ను తిట్టలేక ఆ అమ్మాయిని పట్టుకుందట. బాగానే ఉంది మీ న్యాయం.

డైరెక్టరుగారి గది వద్దన్నానని నీకు తెలుసు. ల్యాబు సగం చేశారు, పక్కవాళ్లతో ఫ్రిజ్ పంచుకుంటున్నాం. రాప్తాడు వెళ్లి అంజనమ్మగారిని చూశాను. మూసేస్తున్నానని చెప్పడానికి కాదు. ఏ మందూ కనుక్కోలేదని ముందే చెప్పాను. “తెలుసులేమ్మా, కూర్చో” అని మజ్జిగ ఇచ్చారు. కాసేపు బాలప్పగారి గురించి చెప్పారు. మీ గుంపులో అందరికంటే నీకే చెవుడెక్కువని ఆయన అనేవారట.

నీ చెకప్ రిపోర్టు శుభ్రంగా వచ్చిందని సర్జన్ చెప్పారు. ఇంకో మూడు నెలలకు మళ్లీ. అత్తకు చెప్పాను, నీకు చెప్పడం దండగ.

వేసవిలో వచ్చిన నాలుక ముక్క ఒకటి గిన్నెకు అతుక్కుని పెరగడం మొదలుపెట్టింది. నేను నమ్మలేదు. పోయినసారి అనుభవం ఉంది కదా, వెంటనే డీఎన్ఏ తీయించాను. ఆసుపత్రిలో ఉన్న అసలు ముక్కతో పోల్చాం. అదే. కల్తీ లేదు. ఎవరిదో నాకు తెలియదు. ఆ మనిషి బాగుండాలి.

పెరిగి గిన్నె నిండితే రెండుసార్లు గిన్నె మార్చాం. పొద్దున చూసి వస్తున్నాను. బతికే ఉంది.

సునంద